పరిశుభ్రత నుంచి పగడాలను కాపాడండి

హాల్లో 200 లీటర్ల సముద్రం, అంటే పగడాలూ చేపలూ రొయ్యలూ ఉండే ఉప్పునీటి అక్వేరియం, పెట్టుకున్న గృహస్థు భయపడేదంతా మురికి గురించే. పాపం, మురికి అంత చెడ్డది కాదు. చేపల రెట్ట, మిగిలిన మేత, రాళ్ల మీద నాచు ట్యాంకు సొంత వ్యవహారాలు. వాటి సంగతి బుడగలతో మురికిని నురుగుగా బయటికి లాగే స్కిమ్మరూ, ట్యాంకులో పేర్చిన సముద్రపు రాళ్లు, అంటే లైవ్ రాక్‌లోని బ్యాక్టీరియా చూసుకుంటాయి. అసలు ముప్పు శుభ్రత రూపంలో వస్తుంది. పైగా ఎప్పుడూ మంచి మనసుతోనే వస్తుంది.

రాతి పగడాలను సముద్రంలోంచి తెంపకుండా 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. చాలా సంతోషం. అయితే ఇళ్లలో పెరిగే మష్రూమ్, లెదర్, జోయాంథిడ్ లాంటి మెత్తని పగడాల జాతులను ఫినాయిల్ నుంచీ రాగి చెంబు నుంచీ కాపాడే సెక్షన్ ఏ చట్టంలోనూ లేదు. ప్రభుత్వం ఆ లోటు పూడ్చేదాకా గృహస్థే చూసుకోవాలి.

ముందు రాగి. రాత్రంతా రాగి బిందెలో ఉంచిన నీళ్లు పరగడుపున తాగితే ఆరోగ్యమని పెద్దల మాట. ఆ ఆరోగ్యాన్ని తామొక్కరే అనుభవించడం ధర్మం కాదనుకున్న అత్తగారు, ఆవిరై తగ్గిన ట్యాంకులోనూ రెండు చెంబులు పోస్తారు. బిందె పాతపద్ధతి అనుకునేవారి కోసం రాగి కార్ట్రిడ్జి బిగించిన ఆర్వో మెషిన్లు వచ్చాయి. వాటికి అత్తగారి అవసరం కూడా లేదు. సహజ సముద్రపు నీటిలో రాగి లీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు. చేపల తెల్లచుక్కల జబ్బుకి వాడే రాగి మందు మోతాదు లీటరుకు 0.15 నుంచి 0.25 మిల్లీగ్రాములు. చేప దానికి ఓర్చుకుంటుంది. రొయ్య, నత్త ఓర్చుకోవు. అందుకే ఆ మందు వాడాలంటే వేరే ట్యాంకు, వేరే వల, వేరే బకెట్ ఉండాలి. అవి మళ్లీ పెద్ద ట్యాంకు ముఖం చూడకూడదు.

ఇక్కడ నీటిలో రాగిని కొలిచే టెస్ట్ కిట్ నిందితుడి తరఫు వకీలు పాత్ర పోషిస్తుంది. మామూలు కిట్‌కి చిన్న మోతాదులు కనబడవు కాబట్టి "సున్నా" అని వాదిస్తుంది. ఈలోగా రాగి సున్నపు రాళ్లలోకీ ఇసుకలోకీ దిగి, నెలల తరబడి కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. ఫిల్టర్లో వేసే కార్బన్, అంటే శుద్ధిచేసే బొగ్గు, దాన్ని పెద్దగా పట్టదు. రాగిని పట్టే రెజిన్ గుళికలు గానీ, పాలీ ఫిల్టర్ అనే మెత్త గానీ పెట్టాలి. పాలీ ఫిల్టర్ నీలం తిరిగితే కేసు తేలినట్టే. ఇంటి రాగి అమాయకమైనదని తేలితే నీళ్లని అలల్లా కదిపే వేవ్‌పంపు అయస్కాంతం చూడండి. పైపూత పగిలి తుప్పు మరక కనిపిస్తే దాన్ని ఆ క్షణమే తీసేయాలి. ఆ అయస్కాంతాలకి నికెల్ పొరల మధ్య చాలాసార్లు రాగి పూత కూడా ఉంటుంది. ట్యాంకులో చెయ్యి పెట్టేముందు పంచలోహ ఉంగరం తీసేయడం వల్ల జాతకానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

తర్వాత దోమలు. లిక్విడ్ రీఫిల్‌లో ఉండే ట్రాన్స్‌ఫ్లూత్రిన్, కాయిల్‌లో ఉండే అలెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్లు దోమకీ రొయ్యకీ తేడా చూడవు. నరాల మీద పనిచేయడమే వాటి ఉద్యోగం. ట్యాంకు మూత వేశాం కదా అని ధీమాగా ఉండేవారు ట్యాంకు కింది ఫిల్టర్ తొట్టి, అంటే సంప్‌లో స్కిమ్మర్ చేస్తున్న పని గమనించాలి. గదిలో గాలిని పీల్చి, సన్నటి బుడగలుగా చేసి, నీళ్లలో కలపడానికే దాన్ని డబ్బు పోసి కొన్నారు. స్ప్రే కొట్టిన గదిలో అది అదే పనిని మరింత నిష్ఠగా చేస్తుంది. గాలి గొట్టాన్ని కిటికీ బయట పెట్టమని తెలిసినవాళ్లు సలహా ఇస్తారు. మంచి సలహానే, సాయంత్రం మున్సిపాలిటీ దోమల మందు పొగ వదిలే బండి వీధిలోకి వచ్చేంతవరకు. బండి చప్పుడు వినగానే కిటికీ మూసి, స్కిమ్మర్నీ ఎయిర్ పంపునీ ఓ గంట ఆపండి. నీళ్లు తిరిగే పంపులు మాత్రం ఆపొద్దు, చేపలకి ఊపిరాడదు.

సబ్బు సంగతి తేలిక. బకెట్‌లో మిగిలిన సర్ఫ్ నురుగు ట్యాంకుకి చేరితే స్కిమ్మర్ కప్పు పొంగిపొర్లి తానే ఫిర్యాదు చేస్తుంది. ఆ పొంగు సంప్‌లో పడకుండా గొట్టం వేసి బయటి బకెట్‌లోకి వదలండి.

ఇంక ప్రమాదం జరిగాక ఇంట్లో విచారణ సంఘం వేస్తారు. ఎవరు పోశారు, ఎప్పుడు పోశారు, "మంచికే కదా బాబూ పోసింది!" వగైరా. సంఘం నివేదిక ఎలాగూ బయటికి రాదు, సాక్షుల్ని చూస్తే చాలు. రొయ్యలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటూ, చేపలు మామూలుగా తిరుగుతుంటే దోమల మందునో రాగినో అనుమానించాలి. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ తగ్గిందేమో, కొత్తగా పోసిన కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉందేమో చూడాలి. ఏడుపు మొదలుపెట్టేముందు రొయ్యని ఒకసారి పుల్లతో కదపండి. కళ్లతో, మీసాలతో సహా అచ్చం రొయ్యలా ఉండి, లోపల బోలుగా, అద్దంలా ఉంటే అది విడిచిన కుబుసం. అసలు రొయ్య రాతి వెనక దాక్కుని ఉంటుంది.

నిజంగానే విషమైతే ముందు చచ్చినవాటిని తీసేయాలి, లేకపోతే అమ్మోనియా జత కలుస్తుంది. 200 లీటర్లకి యాక్టివేటెడ్ కార్బన్ రెండు కప్పులు, అంటే మామూలు మోతాదుకి రెట్టింపు. నల్లపొడి పోయేదాకా రాగి కార్ట్రిడ్జి లేని ఆర్వో నీళ్లలో కడిగి, సన్నటి సంచిలో పోసి, సంప్‌లో నీళ్లు దాని గుండా పోయే చోట పెట్టాలి. రెండు రోజులకి తీసి కొత్తది వేయాలి. కార్బన్ నీళ్లని ఒక్కసారిగా తేటపరుస్తుంది కాబట్టి ఆ రెండు రోజులూ లైటు తగ్గించాలి. లేకపోతే వెలుగు ఎక్కువై పగడాలు తెల్లబడతాయి. తేటదనం కూడా శుభ్రతే కదా మరి.

తర్వాత 60 లీటర్ల నీళ్లు మార్చాలి. టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) సున్నా ఉన్న నీటిలో లీటరుకు సుమారు 36 గ్రాముల చొప్పున రెండు కిలోల పైచిలుకు రీఫ్ సాల్ట్ కలిపి, సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు ఉండేలా చూసుకోవాలి. ఉప్పు అప్పటికప్పుడు కలిపి పోయకూడదు. అందుకే ఆ నీళ్లు ఎప్పుడూ ఒక డ్రమ్ములో సిద్ధంగా ఉండాలి. మూడుసార్లు 30 శాతం మారిస్తే 90 శాతం విషం పోయిందని లెక్క వేసుకునేవారు చాలామంది. పోదు. మొదటిసారికి 70 మిగులుతుంది, రెండోసారికి 49, మూడోసారికి 34. అప్పుడు కూడా కొత్త రొయ్యల్ని డజను చొప్పున తేకండి. ఒక చవక నత్తని వదిలి రెండు వారాలు ఆగండి.

ఇంత జరిగాక కొందరికి వైరాగ్యం కలిగి, రాళ్లన్నీ తీసి వేడినీళ్లలో మరిగించి, బ్రష్‌తో తోమి, మొదటినుంచీ పెడదామనిపిస్తుంది. అది పరిశుభ్రతకి పరాకాష్ఠ. జోయాంథిడ్లున్న రాయిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండవచ్చు, ఆవిరితో అది గదంతా పాకుతుంది. 2018లో ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టీవెంటన్‌లో ఒక ఇంట్లో ట్యాంకు పగడాలు శుభ్రం చేయబోయి కుటుంబమంతా ఆస్పత్రి పాలైంది, సాయానికి వచ్చిన అత్యవసర సిబ్బందిలో కొందరు కూడా. ఆ రాళ్లు తీయక తప్పదనుకుంటే గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, నీళ్లలో ముంచే ఉంచి, చన్నీళ్లలోనే తీయండి. పొయ్యి వైపు తీసుకెళ్లొద్దు.