మణికట్టుకు న్యాయం జరగాలి

1904 తర్వాత గోల్ఫ్‌ను ఒలింపిక్స్‌లోకి మళ్లీ తీసుకున్నది 2016లో, రియోలో. 112 ఏళ్లు తీరిగ్గా ఆలోచించి తీసుకున్న నిర్ణయం కదా, ఎవరికీ అన్యాయం జరగదనుకున్నాం. జరిగింది. ఎండలో మైళ్లకొద్దీ నడిచేవాళ్లకు పతకాలిచ్చారు. బార్‌లో నిలబడి, ఎడమ చేతిలోని గ్లాసు తొణక్కుండా, కుడి అరచేత్తో మూడు వందల గజాలు కొట్టేవాళ్ల ఊసే ఎత్తలేదు.

నేను చెప్పేది గోల్డెన్ టీ ఆటగాళ్ల గురించి. ఇల్లినాయ్‌కి చెందిన ఇన్‌క్రెడిబుల్ టెక్నాలజీస్ తయారుచేసిన ఈ గోల్ఫ్ వీడియో గేమ్ మెషీన్ 1990ల నుంచి అమెరికా బార్లలో ఓ మూల వెలుగుతూనే ఉంది. జాయ్‌స్టిక్ ఉండదు. ప్యానెల్ మధ్యలో సగం పైకి తేలిన తెల్ల బంతి, చుట్టూ కొన్ని బటన్లు, అంతే. బంతిని వెనక్కి లాగితే బ్యాక్‌స్వింగ్ (కర్రను వెనక్కి ఎత్తడం), ముందుకు తోస్తే షాట్. చూడ్డానికి పసిపిల్లల పని. దాని మీద నలభై దాటిన మగాళ్లు కట్టిన వ్యాకరణం వింటే పాణిని కూడా కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

వెనక్కి లాగే దిక్కులు ఏ, బీ, సీ. ముందుకు తోసే దిక్కులు 1, 2, 3. నేరుగా లాగి నేరుగా తోస్తే బీ2. పరువున్నవాడెవడూ దాని గురించి మాట్లాడడు. చెట్టు అడ్డొస్తే ఒక మూలకు లాగి, ఇంకో మూలకు తోసి, బంతిని గాల్లో వంచాలి. "ఇక్కడ సీ1 పడాలి" అని ఒకాయన తేలుస్తాడు. పక్కాయన స్క్రీన్ మీది గాలి బాణాన్ని కాసేపు చూసి, గ్లాసు కింద పెట్టి, "ఈ గాలికా?" అంటాడు. ఆ గదిలో ఏసీ గాలి తప్ప మరోటి లేదన్న సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తకూడదు కూడా.

ఇంతకీ ప్యానెల్ కింద ఏముంది? బంతి రెండు సన్నటి రోలర్ల మీద, ఒక బేరింగ్ మీద కూర్చుని ఉంటుంది. ఒక రోలర్ ముందువెనకల కదలికను పట్టుకుంటుంది, రెండోది కుడిఎడమలను. ఒక్కోదానికి గాట్లు పెట్టిన చిన్న చక్రం. అది తిరిగేకొద్దీ గాట్లలోంచి వెలుతురు పడుతూ ఆగుతూ ఉంటే సెన్సర్ లెక్కపెడుతుంది. మీరు పళ్లు బిగించారా, తొడ చరిచారా, ఇష్టదైవాన్ని తలుచుకున్నారా, దానికి అనవసరం. ఎన్ని గాట్లు, ఎంత వేగం, ఎటువైపు. రాగద్వేషాలు లేని గుమాస్తా.

ఆ గుమాస్తాను బెదిరించడానికి మనవాడు రెండడుగులు వెనక్కి వేసి, పరుగెత్తుకొచ్చి బాదుతాడు. చెయ్యి బంతిని దాటి స్క్రీన్ దాకా పోతుంది. ఏ క్లబ్ (గోల్ఫ్ కర్ర) మహా అయితే ఎంత దూరం కొట్టాలో సాఫ్ట్‌వేర్‌లో ముందే రాసి ఉంటుంది. ఆ హద్దు దాటాక భుజం ఊడి వచ్చినా ఒక్క గజం కలవదు. ఈ ఆవేశం ఇవాళ్టిది కాదు లెండి. 1978లో ఇలాంటి బంతితోనే వచ్చిన అటారీ ఫుట్‌బాల్ అనే వీడియో గేమ్ దగ్గరే బాది బాది జనం అరచేతులు బొబ్బలెక్కించుకున్నారు. అసలు ఈ బంతి, అంటే ట్రాక్‌బాల్, పుట్టిందే రాడార్ పని కోసం. బ్రిటిష్ నేవీకి పనిచేసిన రాల్ఫ్ బెంజమిన్ 1946లో దీన్ని రూపొందించాడు. 1950ల మొదట్లో కెనడా నేవీ కోసం పనిచేసిన ఇంజనీర్లయితే ఏకంగా బౌలింగ్ బంతినే తెచ్చి బిగించారు. శత్రు విమానాన్ని గుర్తించాల్సిన పరికరం ఇప్పుడు బొమ్మ చెరువు దాటిస్తోంది. నిరాయుధీకరణ అంటే ఇదేనని నా అభిప్రాయం.

బాదుడువీరుడి అసలు పరీక్ష పటింగ్ దగ్గర, అంటే బంతిని మెల్లగా రంధ్రంలోకి నెట్టే చోట. రంధ్రం రెండడుగుల దూరంలో ఉంటుంది. వేలి కొనతో నెడితే చాలు. చేతికి మాత్రం ఇంకా డ్రైవర్ (దూరం కొట్టే కర్ర) పూనకం దిగి ఉండదు. బంతి రంధ్రం పక్కనుంచి దూసుకుపోయి గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) అవతల తేలుతుంది.

అప్పుడు వినాలి ఆ మాట. "బాల్ స్టికీగా ఉంది." ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లు ఈ మద్దెలను చూడలేదు కాబట్టి తీర్పు తొందరగా ఇచ్చేశారు. రోలర్ల మీద నిజంగానే జిడ్డు పేరుకుంటుంది. చికెన్ వింగ్స్ తిన్న వేళ్లను టిష్యూతో ఒకసారి అలా తుడిచి బంతి మీద పెడితే పేరుకోదా మరి? ఇక్కడే అమెరికాలోని మన ఇంజనీర్లకు చారిత్రక అవకాశం ఉంది. తిన్నాక లేచి చెయ్యి కడుక్కునే అలవాటు ఉన్న జాతి. టీమ్ అవుటింగ్‌లో ఆ ఒక్క కారణానికే వాళ్ల స్కోరులో రెండు స్ట్రోకులు (దెబ్బలు) తగ్గించాలని ప్రతిపాదిస్తున్నాను; గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలవాడిదే గెలుపు కదా.

అది ఆమోదం పొందేదాకా బార్ యజమాని చేయగలిగింది టెక్నీషియన్‌ను పిలవడమే. అతనొచ్చి ప్యానెల్ తెరిచి, బంతి పైకి తీసి, రోలర్లకు చుట్టుకున్న నల్లటి పీచు గీకి, బేరింగ్ తుడిచి, మళ్లీ బిగించి వెళతాడు. ఆ సాయంత్రమే బాదుడువీరుడు వస్తాడు, బంతిని ఒకసారి తిప్పి చూస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు.

"మరీ ఫ్రీ అయిపోయింది. ఇప్పుడిక కంట్రోల్ ఎలా ఉంటుంది?"