సవరణ: పాయింట్ రేయెస్‌లో నీళ్లలోకి దిగొచ్చు అన్నాను, దిగొద్దు

కాలిఫోర్నియా పాయింట్ రేయెస్ ట్రిప్ గురించి రాసిన పోస్టులో నార్త్ బీచ్‌లో పిల్లలు మోకాళ్ల లోతు దాకా దిగి ఆడుకోవచ్చు అన్నాను కదా, అది తప్పు, సారీ అండీ. మేం వెళ్లిన రోజు సముద్రం కాస్త శాంతంగా ఉంది, అంతే. ఆ బీచ్‌కీ పసిఫిక్‌కీ మధ్య అడ్డమేమీ లేదు, చాలాసేపు చిన్న అలలే వచ్చి ఉన్నట్టుండి ఒకటి ఒడ్డు పైదాకా ఎక్కేసి మనిషిని లాక్కెళ్లిపోతుంది, దాన్నే స్నీకర్ వేవ్ అంటారు. పైగా రిప్ కరెంట్లు (ఒడ్డు నుంచి సముద్రం లోపలికి లాగేసే ప్రవాహాలు), ఎండాకాలంలోనూ ఒళ్లు జివ్వుమనే చన్నీళ్లు, లైఫ్‌గార్డులు ఉండరు. మన సూర్యలంకలోలా ప్యాంటు మడిచి దిగే చోటు కాదిది, అలలకి వీపు పెట్టి సెల్ఫీలు అసలొద్దు (నేను పెట్టిన ఫోటో తీసేశా).

పిల్లలుంటే లిమంటూర్‌కో డ్రేక్స్ బీచ్‌కో వెళ్లండి, బే వైపు కాబట్టి అలలు తక్కువ, కాకపోతే చలికాలంలో డ్రేక్స్‌లో ఎలిఫెంట్ సీల్స్ (భారీ సముద్ర జంతువులు) తిష్ట వేస్తాయి, వాటి దగ్గరికి వెళ్లకూడదు.

ఇంకోటి, ఎంట్రీ ఫీజు ఉందని రాశా, లేదు, అది మ్యూర్ వుడ్స్ అనే రెడ్‌వుడ్ చెట్ల అడవిది, రెండూ ఒకే రోజు చూసి కలిపేశాను. పాయింట్ రేయెస్‌లో డ్రోన్ మాత్రం నిషేధం, ఎందుకంటే అది నేషనల్ సీషోర్ (నేషనల్ పార్క్ లాంటి రక్షిత తీరం), 1962లో అలా ప్రకటించారు.