స్మార్ట్ డస్ట్‌బిన్ గారికి బహిరంగ లేఖ

అయ్యా స్మార్ట్ డస్ట్‌బిన్ గారూ,

చెయ్యి చాపితే మూత తానే తెరుచుకునే చెత్తబుట్టగా బీటెక్ మినీ ప్రాజెక్టుల జాబితాలో ఈ ఏడు కూడా మీ సీటు పదిలంగా ఉందని తెలిసి సంతోషించాను. గీత వెంట నడిచే లైన్ ఫాలోయర్ రోబో కాస్త వెనకబడింది. దారిలో అడ్డుంటే చూపులేనివాళ్లను హెచ్చరించే బ్లైండ్ స్టిక్ గట్టి పోటీయే గానీ, దాన్ని పట్టుకుని ఎవరో ఒకరు నడిచి చూపించాలి. మీరైతే బల్ల మీద కూర్చుంటే చాలు.

హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే గుజరాతీ గల్లీలో మీ పేరెత్తితే చాలు, ఆర్డుయినో ఊనో అనే బుల్లి కంప్యూటర్ బోర్డుకు నకలు, మూత లేపే నీలం రంగు బుల్లి సర్వో మోటారు, ధ్వనితో దూరం కొలిచే రెండు కళ్ల అల్ట్రాసోనిక్ సెన్సర్, గుప్పెడు జంపర్ వైర్లు, 9 వోల్టుల బ్యాటరీ కవర్లో పడిపోతాయి. ఆర్డుయినో బోర్డును మొదట 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో డిజైన్ విద్యార్థుల కోసం తయారుచేశారు, ఎలక్ట్రానిక్స్ రానివాళ్లు కూడా చవగ్గా ఏదో ఒకటి చేసుకోగలగాలని. మన దగ్గర ఎలక్ట్రానిక్స్ చదివే ఈసీఈ వాళ్లే ఎలక్ట్రానిక్స్ జోలికి పోకుండా గట్టెక్కడానికి దాన్ని వాడుతున్నారు.

మీ విద్యను తక్కువ చేయను. సెన్సర్ 40 కిలోహెర్ట్జ్ ధ్వని వదులుతుంది. అది చేతికి తగిలి తిరిగొస్తుంది. పట్టిన మైక్రోసెకన్లను 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. 20 కన్నా తక్కువైతే మూత లేస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత కోడ్‌లో డిలే 3000, అంటే 3000 మిల్లీసెకన్లు ఆగు, అని ఉంటుంది చూడండి, ఆ మూడు సెకన్లూ మీకు లోకంతో సంబంధం ఉండదు. చెయ్యి లోపలుందో బయటుందో చూడరు. టైమ్ కాగానే అరటితొక్కతో సహా పట్టేసుకుంటారు. డిలే తీసేసి, ఆగకుండానే టైమ్ చూసుకునే మిల్లిస్ వాడితే ఈ గొడవ ఉండదు. కానీ అలా రాసినవాణ్ణి ప్రాజెక్టు మౌఖిక పరీక్షలో, అదే వైవాలో, "మిగతా బ్యాచ్‌ల కోడ్‌లో ఇది లేదే?" అని అనుమానంగా చూస్తారు.

మెత్తటి గుడ్డ ధ్వనిని మింగేస్తుంది కాబట్టి చీరకొంగు అడ్డొస్తే మీరు పలకరు. పిల్లి పక్కనుంచి పోతే మాత్రం నోరు తెరుస్తారు. సర్వో కదిలినప్పుడల్లా పాపం ఆ 9 వోల్టుల బ్యాటరీ నీరసించి, బోర్డు రీసెట్ అయి, మూత గజగజ వణుకుతుంది. "ఇది వైబ్రేషన్ ఫీచరా?" అని బయటి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగితే "యెస్ సార్" అనగల ధీరులున్నారు మనలో.

మీలో కాస్త కలిగినవారికి సిమ్ వేసి మెసేజ్ పంపే జీఎస్ఎం మాడ్యూల్ కూడా ఉంటుంది. బుట్ట నిండగానే మున్సిపాలిటీకి మెసేజ్ వెళ్తుందని రిపోర్టులో రాస్తారు. కోడ్‌లో ఉన్న నంబరు టీమ్ లీడర్‌ది. పంపేటప్పుడు ఆ మాడ్యూల్ ఒక్కసారిగా 2 ఆంపియర్ల దాకా గుంజుతుంది, ఆ బ్యాటరీ అంత ఇవ్వలేదు గనక, మెసేజ్ అతనికీ చేరదు.

ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. తడి చెత్తకీ పొడి చెత్తకీ తేడా తెలుసా మీకు? మీ కడుపులో సాంబారన్నం, పెన్ను రీఫిల్, చచ్చిపోయిన ఆ బ్యాటరీ అన్నీ కలిసే ఉంటాయి. వాటిని విడదీసేది పొద్దున్నే స్వచ్ఛ ఆటోలో వచ్చే మనిషి, వట్టి చేతులతో. మీ బ్లాక్ డయాగ్రమ్‌లో బ్యాటరీకి ఒక డబ్బా గీశారు, సర్వోకి ఒకటి గీశారు. ఆయనకు గీయలేదు.

ఇదే సెన్సర్‌ను మేడ మీద ట్యాంకు మూతకు బిగిస్తే నీళ్లు పొంగకముందే మోటారు ఆపొచ్చు. పొంగే ట్యాంకులకు మన వీధుల్లో కరువు లేదు. ఏం లాభం, ట్యాంకు వైవా బల్ల మీద పట్టదు.

వైవా అయ్యాక మీ ఒంట్లోంచి బోర్డూ సర్వో పీకి జూనియర్లకు సగం ధరకు అమ్మేశారట. వాళ్ల టైటిల్ చూశాను: "ఏఐ ఆధారిత స్మార్ట్ డస్ట్‌బిన్". కోడ్ అదే. డిలే మాత్రం 5000 చేశారు, ఏఐ ఆలోచించుకోవడానికి.

ఇట్లు,
కాలితో తొక్కితే మూత లేచే బుట్ట వాడుకునే
ఒక గృహస్థుడు