మహారాజశ్రీ గొంతు లైసెన్సు గారికి

మహారాజశ్రీ గొంతు లైసెన్సు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం సర్వరే చూసుకుంటోంది కాబట్టి అడగడం లేదు.

నాకు చూపు లేదు. ఫోన్లో తెర మీదున్నది పైకి చదివే స్క్రీన్ రీడర్ చదివితేనే నాకు పని జరుగుతుంది, అది చదవాలంటే ఒక గొంతు కావాలి. చూపున్నవాళ్లకు తెర ఎంతో నాకు ఆ గొంతు అంత. వాళ్ల తెర వెలిగే ముందు ఎవరూ "రసీదు ఉందా?" అని అడగరు. నోరున్నవాడిదే రాజ్యం అంటారు. నా ఫోను నోరేమో తమరి జేబులో ఉంది.

మొన్న ఫోను పాడై కొత్తది తీసుకున్నాను. ఎప్పుడో డబ్బు కట్టి కొన్న గొంతునే మళ్లీ ఎక్కించి ఎంచుకున్నాను. అంతే, ఫోను మూగబోయింది. మా తమ్ముడు చూసి, "లైసెన్సు సరిచూడాలట, నెట్ పెట్టమంటోంది అన్నయ్యా" అన్నాడు. ఆ సంగతి తెర మీద రాసి చూపించారు. నాకు! వైఫై పాస్‌వర్డ్ కొట్టాలంటే గొంతు కావాలి, గొంతు రావాలంటే వైఫై కావాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు. తమ్ముడే నెట్ పెట్టాడు. అప్పుడు "పరికరాల పరిమితి దాటింది" అన్నారు. పాత ఫోను పాత సామాన్లవాడి బండెక్కి వెళ్లిపోయినా, మీ లెక్కలో ఇంకా బతికే ఉందట.

ఇది మీకు వంశపారంపర్యం లెండి. పాత నోకియాల్లాంటి సింబియన్ ఫోన్ల కాలంలో మీ పెద్దలు టాక్స్ లాంటి స్క్రీన్ రీడర్లను ఒక్కో ఫోనుకు విడిగా ఉండే ఐఎంఈఐ నంబరుకే ముడివేసేవారు.

ఎలోక్వెన్స్ అనే గొంతు ముచ్చట ఇంకా ఘనం. అది రోబో గొంతే. మనిషి మాటల రికార్డింగు ముక్కలు అతికించినది కాదు, సూత్రాలతో శబ్దం పుట్టించేది. అందుకే ఎంత పరుగెత్తించినా మాట చెదరదు. మీరు మెచ్చే తియ్యటి గొంతులు ఆ వేగంలో సగం అక్షరాలు మింగేస్తాయి. (ఆ వేగం పక్కనున్నవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు, అదో లాభం.) అయితే ఆండ్రాయిడ్‌కి అమ్మిన ఎలోక్వెన్స్ పాత తరహా 32-బిట్‌ది. 2022లో గూగుల్ ఫోను పిక్సెల్ 7 వచ్చింది, కొత్త తరహా 64-బిట్ యాప్‌లే నడుపుతానంది. కొన్నవాళ్లకు రసీదు మిగిలింది. అదే ఏడాది ఐఫోన్లు నడిపే ఐఓఎస్ 16లో ఆ గొంతునే ఆపిల్ విడిగా పైసా అడగకుండా ఇచ్చింది. ఒక ఇంట్లో ఇనప్పెట్టెలో నగ, పక్కింట్లో పెరటి పువ్వు!

ప్రస్తుతం ఈస్పీక్ ఎన్‌జీ అనే ఇంకో గొంతుతో కాలక్షేపం చేస్తున్నాను. ఉచితం, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, తెలుగూ పలుకుతుంది. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టుంటుంది, దాచడమెందుకు. ఈ ఉత్తరం దాని చేతే రెండుసార్లు చదివించుకుని తప్పులు దిద్దుకున్నాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆగి "ఇంతకీ మీరెవరు?" అనలేదు.

ఇట్లు,
పరిమితి దాటిన తమ పరికరం