చిత్రకారుడికి గౌన్లతో ఏం పని?

కళాకారుడు పొట్టకూటికి ఇంకో పని చేసుకోవచ్చు. అందుకు మాకేం అభ్యంతరం లేదు. కళను కాపాడే బాధ్యతను ఎవరూ అడక్కుండానే నెత్తినేసుకున్న మాలాంటివాళ్లం మరీ అంత కఠినులం కాదు. కాకపోతే రెండు షరతులున్నాయి. ఆ పని చేస్తున్నంతసేపూ మొహం చిట్లించుకోవాలి. దాన్ని ఓ మోస్తరుగా చెడగొట్టాలి కూడా. కూటికోసం చేసే పని నాసిగా ఉంటేనే కదా, "పాపం, ఆయన ప్రాణమంతా బొమ్మల మీదే" అని మేం సభల్లో చెప్పుకోగలిగేది!

మ్యాన్ రే మొదటి షరతును నిష్ఠగా పాటించాడు. 1890లో అమెరికాలో పుట్టి, 1921లో పారిస్‌లో దిగిన ఈ పెద్దమనిషి, కెమెరా మెళ్లో ఉన్నా సరే, తాను చిత్రకారుణ్ణనే చెప్పుకునేవాడు. కలలోంచి, ఊహలోంచి వచ్చేదాన్ని రంగుల్లో వేస్తాననీ, వెయ్యబుద్ధి కానిదాన్ని, అంటే లోకంలో ఎలాగూ ఉన్నదాన్ని, ఫొటో తీస్తాననీ అనేవాడు. 1937లో తన ఫొటోలతోనే ఒక పుస్తకం వేసి దానికి 'ఫొటోగ్రఫీ కళ కాదు' అని పేరు పెట్టాడు. తినే కంచాన్ని ఇంత శ్రద్ధగా తిట్టినవాణ్ణి మేం మెచ్చుకోకుండా ఎలా ఉంటాం?

దెబ్బ తీసింది రెండో షరతు దగ్గర.

పారిస్‌లో అతని మొదటి ఎగ్జిబిషన్ 1921 డిసెంబరులో జరిగింది. ఒక్క బొమ్మా అమ్ముడుపోలేదు. అంతవరకు అంతా సవ్యంగానే ఉంది. ఆ ప్రారంభం రోజునే ఒక ఇస్త్రీపెట్టె కొని, దాని అడుగున నిలువుగా మేకులు అంటించి, 'కానుక' అని పేరు పెట్టి మిగతావాటి పక్కన ఉంచాడు. దాంతో ఇస్త్రీ చేస్తే ఎంతటి గౌనైనా పీలికలే. ఫ్యాషన్ లోకం మీద కళ ప్రకటించిన యుద్ధం ఇదీ అని మేం వ్యాసానికి హెడ్డింగు పెట్టుకునేలోపే, మరుసటి ఏడాది అతను పాల్ పొయిరే దుకాణంలో గౌన్లకు ఫొటోలు తీస్తూ దొరికాడు. ఆడవాళ్లను నడుము బిగించి కట్టే కార్సెట్ల నుంచి విడిపించాడని పేరున్న డిజైనర్ ఆ పొయిరే.

పోనీ, తీసిచ్చి డబ్బు తీసుకుని రావచ్చుగా? ఆ ప్రింట్లు రాత్రిపూట హోటల్ గదిలో కడుగుతుంటే, వెలుతురు తగలని కాగితం ఒకటి పొరపాటున మందులో పడిందట. బొమ్మ రాదు, కాగితం దండగ. విసుగుతో చేతికందిన గాజు గరాటు, థర్మామీటరు ఆ తడి కాగితం మీద పెట్టి లైటు వేశాడు. కళ్లముందే వాటి రూపాలు నలుపు మీద తెల్లగా తేలాయి. ఇది అతను ఆత్మకథలో రాసుకున్న ముచ్చటే. కెమెరా లేకుండా ఇలా ఫొటోలు చేసినవాళ్లు అంతకుముందూ ఉన్నారు కానీ, ఆ పద్ధతికి తన పేరు తగిలించుకుని 'రేయోగ్రాఫ్' అనేంత చొరవ ఇతనికే ఉంది. కళాచరిత్ర క్లాసులో ఈ ఘట్టం చెప్పేటప్పుడు, గౌన్ల ఫొటోలు కడుగుతుండగా అన్న ముక్క దగ్గర మేం కాస్త దగ్గి ముందుకెళ్లిపోతాం.

కస్టమర్లైనా ఇతన్ని దారిలో పెట్టారా అంటే అదీ లేదు. 1922లో మార్కేసా కజాతి అనే ధనికురాలి ఫొటో తీస్తుంటే లైట్లు పోయాయి. ఉన్న వెలుతురులో ఎక్కువసేపు తీయాల్సొచ్చింది, ఆవిడ కదిలింది, ఫొటోలో మూడు జతల కళ్లొచ్చాయి. మన స్టూడియోల్లో అయితే అడ్వాన్సు వెనక్కిమ్మని గొడవయ్యేది. ఆవిడేమో నా ఆత్మనే పట్టేశావని మురిసిపోయి, కాపీలు చేయించి అందరికీ పంచింది. ఇలాంటి కస్టమర్లు ఉన్నంతకాలం కళ బాగుపడదు.

1926లో ఫ్రెంచి వోగ్ అనే ఫ్యాషన్ పత్రికలో ఇంకో దారుణం. పాలిపోయిన మొహంతో, మూసిన కళ్లతో కీకీ అనే మోడల్ తల బల్లకు ఆనించి ఉంటుంది. పక్కన ఆమె నిలబెట్టి పట్టుకున్న నల్లటి ఆఫ్రికన్ చెక్క ముసుగు. అమ్మడానికి అందులో బట్టే లేదు. ఆ ఫొటో ప్రింటు ఒకటి 2017లో పారిస్ వేలంలో 26 లక్షల యూరోలకు పైగా పలికింది. ముసుగు చెక్కిన మనిషి పేరు మాత్రం అప్పుడు పత్రికా అడగలేదు, తర్వాత కొన్నవాళ్లూ అడగలేదు. ఈ ఒక్క విషయంలో వ్యాపారానికీ కళకీ భలే పొత్తు కుదిరింది.

తర్వాత అద్దపు కన్నీళ్లు. 1932 ప్రాంతంలో ఒక అమ్మాయి చెంపల మీద గాజుపూసలు అంటించి, పైకి చూసే కళ్లను దగ్గర్నుంచి తీశాడు. ఆ ఫొటో మస్కారా ప్రకటనకు వాడారు. ఏడ్చినా చెదరదు, హాయిగా ఏడవండి అని కంపెనీ హామీ. ఆ చెంపల మీద నీటిచుక్క పడితే కదా చెదరడానికి! వినియోగదారుల ఫోరానికి వెళ్తే నిలబడే కేసు. కానీ వెళ్లాల్సినవాళ్లు మ్యూజియానికి వెళ్లి, ఆ ఫొటో ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

1934లో అమెరికన్ ఫ్యాషన్ పత్రిక హార్పర్స్ బజార్‌కి చేసిన పని ఇంకా ఘోరం. కార్మెల్ స్నో ఎడిటరు, అలెక్సీ బ్రోడోవిచ్ ఆర్ట్ డైరెక్టరు. ఇద్దరూ తెలివైనవాళ్లే, అదే చిక్కు. పారిస్ ఫ్యాషన్లు రేడియోలో న్యూయార్క్ చేరుతున్నాయన్న కథనానికి బొమ్మ కావాలి. ఇతను కెమెరా పక్కన పెట్టేసి ఒక ఆడమనిషి నీడ, గాలిలో తేలే గుడ్డముక్కలు కలిపి రేయోగ్రాఫ్ చేసి ఇచ్చాడు. అది చూసి గౌను కుట్టించుకోవాలనుకున్న ఇల్లాలి గతి ఏంటి? గుండీలెన్ని? అంచు మోకాలి కిందా, చీలమండ పైనా? రేడియోలో గరగర వస్తే స్టేషను మార్చుకోవచ్చు, గౌన్లో గరగర వస్తే ఏం చెయ్యాలి?

అసలు నేరం 1936ది. లీ మిల్లర్ అని వోగ్‌కి మోడలుగా చేసి, ఇతని దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకోవడానికి వచ్చి, ప్రేమలో పడి, 1932లో ఇతన్ని వదిలి వెళ్లిపోయిన అమ్మాయి ఉంది. ఫొటో కడుగుతుండగా వెలుతురు పొరపాటున తగిలి, బొమ్మలో మనిషి చుట్టూ పెన్సిలు గీతలాంటి నల్లటి అంచు వచ్చే సోలరైజేషన్ అంతకుముందూ తెలిసిందే కానీ, పేరుకెక్కింది వీళ్లిద్దరి డార్క్‌రూమ్‌లోనే. కాలి మీదుగా ఏదో పాకితే, ఎలకేమోనని భయపడి తనే లైటు వేశానని ఆమె చెప్పేది. పేరు ఆయనకు దక్కింది, ఎలక సంగతి ఎవరికీ పట్టలేదు. ఆమె వెళ్లిపోయాక ఆ పెదవులను ఆకాశమంత చేసి, పారిస్ అబ్జర్వేటరీ మీదుగా తేలుతున్నట్టు 8 అడుగుల కాన్వాసు మొదలుపెట్టాడు. దాన్ని మంచం పైన గోడకు వేలాడదీసి, రోజూ పొద్దున్నే పైజమాతో పరుపు మీద నిలబడి కాసేపు వేసి, ఆ తర్వాతే ఫొటోల పనికి వెళ్లేవాడు. రెండేళ్లు అలా సాగింది.

చూశారా, ఇది కళ! ఉదయం ఆత్మకు, పగలు అద్దెకు. మేం కోరుకున్న ఏర్పాటు అచ్చంగా ఇదే. ఇక్కడితో ఆగి చచ్చిపోయినా బంగారు విగ్రహం పెట్టించేవాళ్లం. ఆగాడా? ఆ కాన్వాసునే తెచ్చి, దాని కింద హైమ్ అనే ఫ్యాషన్ కంపెనీవారి బీచ్ కోటు తొడిగిన మోడల్‌ని పెట్టి, ఫొటో తీసి హార్పర్స్ బజార్‌కి ఇచ్చాడు. గుండె పగిలి రెండేళ్లు వేసిన బొమ్మ, కోటుకు వెనక పరదా! కోటు పెదవులను అమ్ముతోందా, పెదవులు కోటును అమ్ముతున్నాయా అని మా కమిటీ ఎంత తర్కించినా తేలలేదు. ఫొటో మాత్రం బాగుంది. అదే మా బాధ.

ఇండోర్ మహారాజా యశ్వంతరావ్ హోల్కర్, మహారాణి సంయోగితాదేవి కూడా ఈ మాయలో పడ్డారు. తరతరాలుగా రాజులు సింహాసనం మీద బిగుసుకుని కూర్చుని ఫొటో దిగే సంప్రదాయాన్ని పక్కనపెట్టి, ఇతని కెమెరా ముందు కొత్తగా పెళ్లైన మామూలు జంటలా నవ్వుకుంటూ ఒరిగిపోయారు.

1940లో పారిస్ జర్మన్ల చేతికి పోయాక అమెరికా తిరిగొచ్చి, లాస్ ఏంజెలెస్‌లో ఫ్యాషన్ పనికి దాదాపు దండం పెట్టేసి, పూర్తికాలం కుంచె పట్టాడు. మా సిద్ధాంతం ప్రకారం మహాద్భుతాలు అప్పుడే పుట్టాలి. ఎందుకో ఆ పదకొండేళ్ల దగ్గర మా గొంతు కూడా తగ్గుతుంది. 1961లో వెనిస్ బినాలే అనే కళాప్రదర్శన స్వర్ణపతకం ఇచ్చింది, అదీ ఫొటోగ్రఫీకి.

ఇంత పాడైపోవడానికి కారణమేమై ఉంటుందా అని వంశం తవ్వాం. దొరికింది. తండ్రి బట్టల ఫ్యాక్టరీలో పనివాడు, ఇంట్లో దర్జీ పని. తల్లి మిగిలిన గుడ్డముక్కలను అతికి కొత్త వస్తువులు కుట్టేది. ఇంటిపేరు రాడ్నిట్స్కీ. ఈ సంగతులేవీ బయట చెప్పేవాడు కాదు. 1920లో మాత్రం ఒక వస్తువును కంబళిలో చుట్టి తాళ్లతో కట్టి కళాఖండం అన్నాడు. లోపల ఉన్నది కుట్టుమిషను.

కాబట్టి మా కమిటీ తీర్మానం: ఇకముందు చీరల షోరూమ్ హోర్డింగుకైనా, ఫ్యాషన్ పత్రిక కవరుకైనా ఫొటో తీయడానికి వచ్చే ప్రతి చిత్రకారుడూ, ఈ పని బాగా చేయనని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసివ్వాలి. కెమెరా ముందు గుడ్డ నలిగితే సర్దడానికి అతన్ని వెళ్లనివ్వకూడదు.