మూసేసిన అబ్జర్వేషన్ మళ్లీ ఎందుకు పుడుతోంది?

నిర్మాణ సైట్లలో సేఫ్టీ, క్వాలిటీ కన్సల్టెంట్లు ఇచ్చే నెలవారీ రిపోర్టుల్లో ఒక్క వాక్యం చూస్తే ఒళ్లు మండుతుంది: "రాసిన అబ్జర్వేషన్లలో తొంభై శాతం మూసేశాం." అబ్జర్వేషన్ అంటే తనిఖీలో కనిపించి రాసిన లోపం, మూసేయడమంటే సరిచేశామని రాసుకోవడం. మూసేస్తే మంచిదేగా అంటారా? వరసగా మూడు నెలల రిపోర్టులు పక్కపక్కన పెట్టి చదవండి. అంతస్తు నంబరు మారుతుంది, ఫొటో మారుతుంది. లోపం మాత్రం అదే. దాన్ని నిరంతర మెరుగుదల అని పిలవడం తప్పు.

పిల్లర్ అడుగున వచ్చే హనీకోంబ్‌నే (కాంక్రీటులో తేనెపట్టులా మిగిలే ఖాళీలు) తీసుకోండి. షట్టర్ (కాంక్రీటు పోసే అచ్చు) విప్పగానే కంకర తేలి కనిపిస్తుంది. వదులుగా ఉన్నదంతా చెక్కి, కడిగి, నాన్‌ష్రింక్ గ్రౌట్ (ఆరినా కుంచించుకుపోని సిమెంటు మిశ్రమం) నింపి, ఫొటో జతచేసి ఎన్‌సీఆర్ (నాన్ కన్ఫార్మెన్స్ రిపోర్ట్, అంటే లోపం రాసిన పత్రం) మూసేస్తారు. బాగుపడింది ఆ ఒక్క పిల్లర్. కారణం పై అంతస్తులో అలాగే ఉంది. ఒకచోట షట్టర్ అడుగున సందుంటుంది, స్పాంజి పట్టీ పెట్టరు, సిమెంట్ పాలు కారిపోయి కంకర మిగులుతుంది. ఇంకోచోట కాంక్రీటును బాగా పైనుంచి వదిలేస్తారు, కడ్డీలకు కొట్టుకుని కంకర వేరు, మోర్టార్ వేరు అయిపోతాయి. వీటన్నిటికంటే మొండిది ల్యాపుల (కింది కడ్డీ, పై కడ్డీ పక్కపక్కన కలిసే అతుకుల) సమస్య. ల్యాపులన్నీ ఒకే ఎత్తులో పడితే కడ్డీల మధ్య కాంక్రీటును కుదించే వైబ్రేటర్ 60 మి.మీ. నీడిల్ దూరదు. వైబ్రేటర్ పట్టుకున్నవాడు దూరినంత మేర తిప్పి పక్క పిల్లర్‌కి వెళ్తాడు. అతన్ని కూర్చోబెట్టి ట్రైనింగ్ ఇస్తే ఏం లాభం? అతనికి కావలసింది 40 మి.మీ. నీడిల్. డిజైనర్ నుంచి కావలసింది ల్యాపులు మార్చి మార్చి వేయడానికో, కప్లర్లు (కడ్డీలను కొసకి కొస కలిపే గొట్టాలు) వాడడానికో అనుమతి. పోతకు ముందు టార్చి వేసి షట్టర్ అడుగు చూడడం హోల్డ్ పాయింట్ (అది అయ్యేదాకా పని ముందుకు కదలని దశ) కావాలి. ఆ తర్వాత పోసిన పది పిల్లర్ల షట్టర్లు విప్పి, అన్నీ శుభ్రంగా ఉన్నాయని చూశాక మూయండి ఎన్‌సీఆర్.

క్వాలిటీ ప్రమాణం ఐఎస్ఓ 9001 (2015), సేఫ్టీ ప్రమాణం ఐఎస్ఓ 45001 (2018) రెండింటిలోనూ 10.2 క్లాజు అడిగేది ఇదే. లోపాన్ని సరిదిద్దాలి, కారణం పట్టుకోవాలి, తీసుకున్న చర్య పనిచేసిందో లేదో మళ్లీ చూడాలి. చాలా రిజిస్టర్లలో ఈ మూడోదానికి గడి కూడా ఉండదు. సరిచేసిన తేదీ ఒక గడిలో, ఫలితం నిర్ధారించిన తేదీ ఇంకో గడిలో పెట్టండి. రెండోది ఖాళీగా ఉన్నంతకాలం అబ్జర్వేషన్ తెరిచి ఉన్నట్టే.

సేఫ్టీలోనూ ఇదే జబ్బు. స్లాబ్ అంచున గార్డ్ రైల్ లేదు. కారణం గడిలో "కార్మికుడి నిర్లక్ష్యం", చర్య గడిలో "టూల్‌బాక్స్ టాక్ ఇచ్చాం" (పని మొదలుపెట్టేముందు చెప్పే సేఫ్టీ మాటలు). ఆ రైలు ఎందుకు తీశారని ఎవరూ అడగరు. హాయిస్టులో (సామాను లిఫ్టులో) వచ్చిన సామాను లోపలికి లాగాలంటే రైలు తీయక తప్పదు, రోజుకి పదిసార్లు తీయాలి. పదోసారి తిరిగి పెట్టలేదంటే ఆశ్చర్యమేముంది? అక్కడ దానంతటదే మూసుకునే గేటు పెట్టండి. తీసే అవసరమే పోతుంది.

ఇంకోటి. రైలు లేనిచోట "హార్నెస్ వేసుకోమన్నాం" అని రాస్తారు. ఒక్కసారి లెక్క వేయండి. కొక్కెం కాళ్ల దగ్గరే తగిలిస్తే లాన్యార్డ్ (హార్నెస్‌ని కొక్కేనికి కలిపే తాడు) 1.8 మీటర్లు, పడే ఊపుని మింగే షాక్ అబ్సార్బర్ సాగేది సుమారు మీటరు, వీపు రింగు నుంచి పాదాలదాకా మరో 1.5, ఆపైన మీటరు జాగ్రత్త దూరం. అయిదు మీటర్లు దాటింది. అంతస్తు ఎత్తు మూడు మీటర్లయితే ఆ మనిషి కింది స్లాబ్‌కి కొట్టుకున్నాకే తాడు పట్టుకుంటుంది. కొక్కెం తలపైన ఉండాలి, లేదా అంచుదాకా వెళ్లనివ్వని పొట్టి తాడు కట్టాలి. ఈ లెక్క లేకుండా హార్నెస్ అని రాయడం ప్రాణాలతో చెలగాటం.

ఇక కాంక్రీటు బలం పరీక్షించే క్యూబ్ ఫలితాల సంగతి. పాస్, ఫెయిల్ అని రాసి ఫైలులో పెట్టేస్తారు. 28 రోజుల ఫలితం చేతికొచ్చేసరికి పైన ఇంకో స్లాబ్ పోసేసి ఉంటారు. 7 రోజుల ఫలితాలను వరసగా గీత గీసి చూస్తే, అన్నీ పాసవుతూనే మెల్లగా దిగుతున్న సంగతి ముందే తెలుస్తుంది. ఇసుకలో తేమ పెరిగిందా, సైట్లో నీళ్లు కలుపుతున్నారా, కంకర మారిందా, క్యూబుల క్యూరింగే సరిగా లేదా అని అప్పుడే వెతకొచ్చు. ఇలా ఫలితాలను వరసగా గీసి తేడా పట్టే కంట్రోల్ చార్ట్‌ని అమెరికన్ ఇంజనీరు వాల్టర్ షూహార్ట్ గీసింది 1924లో. వందేళ్లు దాటినా మనం పాస్ ముద్ర దగ్గరే ఆగిపోయాం.

చెక్‌లిస్టులు కూడా కోయాలి. ప్రతి ప్రమాదానికీ రెండు లైన్లు చేరతాయి, ఒక్కటీ తీసేయరు. ఎనభై లైన్లయ్యాక వాటికి టిక్కులు పడేది సైట్లో కాదు, ఆఫీసు బల్ల మీద.

కన్సల్టెంట్ తన పనిని తానే కొలుచుకోవాలంటే రెండు అంకెలు చాలు. ఈ నెల అబ్జర్వేషన్లలో పాతవే తిరిగొచ్చినవి ఎన్ని? సూచించిన చర్యల్లో "ట్రైనింగ్, బోర్డు, హెల్మెట్" దగ్గరే ఆగినవి ఎన్ని, ప్రమాదాన్నే తొలగించినవి ఎన్ని? 'జీరో యాక్సిడెంట్' అంకెకు బోనస్ కట్టడం మాత్రం ఆపండి. బోనస్ ఉన్నచోట నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదం) కాగితం మీదికి రాదు, తెగిన వేలు "సెలవు"గా మారిపోతుంది.

ఇక క్లయింట్లకు. విజిట్‌కింత, రిపోర్టుకింత అని ఫీజు రాస్తే కొత్త అబ్జర్వేషన్లే వస్తాయి. ప్రతి నెలా ఒక విజిట్‌ను పాతవాటిని తిరిగి పరీక్షించడానికే కేటాయించి, దాని ఫీజు విడిగా ఒప్పందంలో రాయండి.