బ్యాంకాక్‌కు ఒంటరిగా వెళ్లే మహిళలు: భయపడాల్సింది వేరే వాటికి

బ్యాంకాక్‌కు ఆడపిల్ల ఒక్కతే వెళ్తానంటే మన ఇళ్లలో ముందు మొహాలు మాడిపోతాయి. ఆ ఊరికి మన దగ్గర వచ్చిన పేరు అలాంటిది. స్నేహితుల గుంపులు, ఆఫీసు ట్రిప్పులు, ఇంట్లో చెప్పుకోని కబుర్లు. సలహాలు కూడా ఆ పేరులోంచే పుట్టుకొస్తాయి. పొట్టి బట్టలొద్దు, చీకటి పడ్డాక బయటికి పోవద్దు, వేలికి ఉంగరం పెట్టుకో, పెప్పర్ స్ప్రే దగ్గరుంచుకో. (చేతి సంచిలో స్ప్రే ఉంటే శంషాబాద్ తనిఖీలోనే తీసేస్తారు, అది వేరే సంగతి.)

అక్కడికి వెళ్లి చూస్తే లెక్క తిరగబడుతుంది. రాత్రి పదింటికి పైవంతెన మీద నడిచే బీటీఎస్ రైలు నిండా ఆఫీసుల నుంచి తిరిగెళ్లే అమ్మాయిలుంటారు. రోడ్డు పక్క బండి దగ్గర గరిటె తిప్పేదీ, డబ్బులు తీసుకునేదీ చాలాచోట్ల ఆడవాళ్లే. నిక్కరు వేసుకున్న మనిషిని ఎవరూ తిరిగి చూడరు, గుళ్ల దగ్గర తప్ప. అసలు ఇబ్బందులు నాలుగింటి దగ్గర వస్తాయి: విమానం ఏ వేళకు దిగింది, గది ఏ సందులో ఉంది, స్టేషన్ నుంచి గది దాకా ఎలా వెళ్తారు, డబ్బు ఏ రూపంలో పెట్టుకున్నారు. వీటిలో మూడు ఇంట్లో కూర్చుని తేల్చుకోగలిగినవే.

ముందు విమానం. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లేవాటిలో చాలా వరకు అర్ధరాత్రి అటూఇటూ బయల్దేరి తెల్లవారుజామున దింపుతాయి. ప్రయాణం సుమారు మూడున్నర గంటలు, అక్కడి గడియారం మనకన్నా గంటన్నర ముందు. హోటల్ గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. నిద్రలేని కళ్లతో, చేతిలో సూట్‌కేసుతో, ఎనిమిది గంటలు గడపాలి. ఎవరైనా తియ్యగా మాట్లాడితే తలూపేది అప్పుడే. కాబట్టి హోటల్‌కు ముందే రాసి, సామాను పెట్టుకుని స్నానం చేసే వీలుందో లేదో అడగండి. లేదంటే ముందు రాత్రికి కూడా గది తీసుకోండి, ఆ ఖర్చు దండగ కాదు. రాత్రి 11 దాటాక దిగే విమానం మాత్రం ఎంత చవకైనా వద్దు. అర్ధరాత్రికి రైళ్లు ఆగిపోతాయి.

2025 మే 1 నుంచి థాయిలాండ్‌లో అడుగుపెట్టే ప్రతి విదేశీయుడూ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు, ఇమిగ్రేషన్ శాఖ సొంత సైటులో, ఉచితంగా. గూగుల్‌లో వెతికితే పైన కనిపించేవాటిలో డబ్బులడిగే నకిలీలుంటాయి. చిరునామా చివర థాయ్ ప్రభుత్వ సైట్లకుండే 'జీఓ డాట్ టీహెచ్' ఉందో లేదో చూడండి. వీసా లేకుండా 60 రోజులు ఉండనిచ్చే పద్ధతి 2024 జులైలో మొదలైంది కానీ ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే వారంలో మరోసారి సరిచూసుకోవాలి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితం మీద తీసుకెళ్లండి. 20,000 బాట్ల మేర డబ్బు చూపగలిగితే కౌంటర్ దగ్గర ఇబ్బంది ఉండదు.

సువర్ణభూమి విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఉంది. చివరి స్టేషన్ ఫయా థాయ్ దాకా 45 బాట్లు, అరగంట లోపే. అక్కడే బీటీఎస్ మారొచ్చు. పెద్ద పెట్టెలుంటే ట్యాక్సీ మేలు. కింది అంతస్తులో యంత్రం దగ్గర బటన్ నొక్కితే చీటీ వస్తుంది, దాని మీద ఏ వరుసలో కారు ఆగి ఉందో అంకె ఉంటుంది. కారు వివరాలు కూడా ఉండే ఆ చీటీని డ్రైవర్ అడిగినా ఇవ్వకండి, ఫిర్యాదు చేయాల్సి వస్తే అదే ఆధారం. మీటర్ 35 బాట్ల దగ్గర మొదలవుతుంది, విమానాశ్రయం రుసుము 50 అదనం, టోల్ గేట్ డబ్బులు మీరే ఇవ్వాలి. ఊళ్లో సుఖుమ్విత్ రోడ్డు వైపు అన్నీ కలిపి 400–500 దగ్గర తేలుతుంది. లోపల హాల్లోనే ఎదురొచ్చి "ట్యాక్సీ, మేడమ్?" అనేవాళ్లు అంతకు రెట్టింపు చెబుతారు. రెండో విమానాశ్రయం డాన్ మువాంగ్‌లో దిగితే లెక్క వేరు, అక్కడి నుంచి రెడ్ లైన్ రైలుంది.

ఇక గది. ఇక్కడ కాస్త నిదానించాలి, ఎందుకంటే రోజూ రాత్రి తిరిగి రావాల్సింది అక్కడికే.

బ్యాంకాక్‌లో పెద్ద రోడ్డు నుంచి పక్కకు చీలే వీధిని సోయ్ అంటారు. సుఖుమ్విత్ రోడ్డుకు ఉత్తరాన బేసి అంకెల సోయ్‌లు, దక్షిణాన సరి అంకెలవి. 38 ఎదురుగా 39 ఉంటుందనుకుంటే పొరపాటు. థోంగ్ లో స్టేషన్ దగ్గర సోయ్ 55కు ఎదురుగా ఉండేది 38. రెండు వైపులా వీధులు ఒకే లెక్కన చీలలేదు కాబట్టి అంకెలు జరిగిపోయాయి. అర్ధరాత్రి అంకె చూసుకుని తప్పు వైపు దిగితే వరుసల కొద్దీ వాహనాలు దాటుకుంటూ రోడ్డు మీద పడే బదులు స్టేషన్ వంతెన మీదుగా దాటండి.

సోయ్‌లు పొడుగ్గా ఉంటాయి. థోంగ్ లో అని పిలిచే ఆ సోయ్ 55 ఒక్కటే రెండు కిలోమీటర్లకు పైన. చాలా సోయ్‌లకు కాలిబాట రెండడుగులుంటే గొప్ప, అది కూడా కరెంటు స్తంభం దగ్గర ఆగిపోతుంది. బుకింగ్ సైటులో "స్టేషన్‌కు 500 మీటర్లు" అని రాసేది చాలాసార్లు గీత గీసి కొలిచిన దూరం. నడిచే దారి కిలోమీటరుండొచ్చు. మ్యాప్‌లో నడక దారి పెట్టి చూడండి, ఆ తర్వాత వీధి ఫొటోల్లో సోయ్ మొదటి నుంచి హోటల్ గేటు దాకా వేలితో జరుపుకుంటూ వెళ్లండి. దారిలో సెవెన్ ఎలెవెన్ కొట్టు ఉందా? అది రాత్రంతా తెరిచి ఉంటుంది, లైటు ఉంటుంది, మనిషి ఉంటాడు. వరసగా ఎత్తు గోడలే ఉంటే ఆ హోటల్ వదిలేయండి. బీటీఎస్ లేదా ఎంఆర్‌టీ (మెట్రో) స్టేషన్ నుంచి 400 మీటర్ల నడక లోపల ఉన్న మామూలు గది, దూరాన సోయ్ చివర స్విమ్మింగ్ పూల్ ఉన్న మంచి గదికన్నా ఒంటరి మనిషికి నయం.

పేటల సంగతి. నానా స్టేషన్ చుట్టుపక్కల, అసోక్ దగ్గర సోయ్ కౌబాయ్, సీలోమ్‌లో పాట్‌పోంగ్: ఇవి మగవాళ్ల కోసం నడిచే బార్ వీధులు. అక్కడ నడిస్తే ప్రాణానికి ముప్పేమీ లేదు, తాగిన పర్యాటకుల మాటలు మాత్రం పడాలి. బాధగా ఉన్నా చెప్పుకోవాలి, నానాలో అమ్మాయిలను వెంటపడి పలకరించేవాళ్లలో మన దేశస్థులూ ఉంటారు. హోటల్ నిబంధనల్లో "జాయినర్ ఫీ" అన్న మాట కనిపిస్తే, గదికి బయటి మనుషుల్ని తెచ్చుకునేవాళ్లు ఎక్కువగా దిగే చోటు అని అర్థం చేసుకోండి. ఫ్రోమ్ ఫోంగ్, ఎక్కమయ్, ఆరీ, ఆన్ నట్ వైపు కుటుంబాలు, ఉద్యోగస్తులు ఉంటారు. ప్రతునమ్ బట్టల బజారు మనవాళ్లకు ఇష్టం, కానీ అక్కడికి మెట్రో దగ్గర్లో లేదు, చిత్‌లోమ్ నుంచి పైనడకదారి మీదుగా నడవాలి.

స్టేషన్ నుంచి సోయ్ లోపలికి చాలామంది ఎక్కేది నారింజ రంగు జాకెట్ వేసుకున్న మోటార్‌సైకిల్ ట్యాక్సీ. సోయ్ మొదట్లోనే స్టాండు, దగ్గర్లో ధరల బోర్డు. జాకెట్ మీద అంకె చూసి ఎక్కండి. హెల్మెట్ అడిగి తీసుకోండి, వెనక కూర్చున్నవాళ్లకు కూడా చట్టం ప్రకారం తప్పనిసరి. ఎడమ వైపు నుంచే ఎక్కాలి, దిగాలి. పొగగొట్టం కుడివైపు ఉంటుంది, నిక్కరుతో కుడివైపు దిగినవాళ్లకు పిక్క మీద కాలిన గుర్తు వారం పాటు పొంగి ఉంటుంది, ఆ తేమకు తొందరగా మానదు. వాన పడుతుంటే ఎక్కొద్దు. మే నుంచి అక్టోబరు దాకా సాయంత్రం వానకు సోయ్‌లలో చీలమండల లోతు నీళ్లు నిలుస్తాయి, యాప్‌లో పిలిచే గ్రాబ్ ట్యాక్సీ ధర రెట్టింపవుతుంది. ఆ గంట మాల్‌లో కూర్చుని గడిపేయడమే తెలివైన పని. అక్కడ శుభ్రమైన టాయిలెట్ కూడా దొరుకుతుంది, నీళ్ల గొట్టంతో సహా. బీటీఎస్ స్టేషన్లలో ఆ వసతి కష్టం.

రోడ్డు మీద ట్యాక్సీ ఎక్కితే, మాల్ ముందు ఆగి ఉన్నదానికన్నా కదులుతూ వచ్చేది ఆపండి. ఆగి ఉన్నవాడు మీటర్ అడగనివాళ్ల కోసమే కాచుకుని ఉంటాడు. తలుపు తీసి "మీటర్?" అనండి, తల అడ్డంగా ఊపితే మూసేయండి, వాదించొద్దు. కాలిబాట మీద నడిచేటప్పుడు సంచి రోడ్డు వైపు భుజానికి కాకుండా గోడ వైపు ఉండాలి. ఫోన్‌లో మ్యాప్ చూసుకోవాలంటే రోడ్డు అంచు నుంచి వెనక్కి, ఏదైనా కొట్టు మెట్టెక్కి చూసుకోండి.

డబ్బు విషయంలో మన బ్యాంకు కార్డులకు ఒక పని ముందే చేయాలి. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన వల్ల కొత్త కార్డుల్లో విదేశీ వాడకం మొదట ఆపేసి ఉంటుంది. యాప్‌లోకి వెళ్లి ఏటీఎం, కొట్టు మిషన్ రెండూ విడిగా తెరవాలి. హైదరాబాద్ సిమ్‌ను రోమింగ్‌లో సజీవంగా ఉంచండి. అది లేకపోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే కార్డు కొన్నిచోట్ల ప్లాస్టిక్ ముక్కే. థాయ్ ఏటీఎం ఒక్కసారి తీస్తే 220 బాట్లు, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ, రుసుము వేస్తుంది. వెయ్యి తీసినా పదివేలు తీసినా అంతే. కాబట్టి కొంచెం కొంచెం తీయకండి. తెర మీద రూపాయల్లో ఎంతో చూపించి ఒప్పుకుంటారా అని అడిగితే వద్దనే నొక్కండి, ఆ మారకం రేటు మీకు నష్టం. విమానాశ్రయంలో మార్చాలంటే రైల్ లింక్ ఉన్న నేలకింది అంతస్తులోని కౌంటర్లలో రేటు పైవాటికన్నా మెరుగు. పాస్‌పోర్ట్ అడుగుతారు. యూపీఐ మీద ఆధారపడొద్దు.

ఇప్పుడు అపరిచితుల సంగతి. గ్రాండ్ ప్యాలెస్ గోడ పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకరు ఆగి, "ఈ రోజు పూజ ఉంది, మధ్యాహ్నం దాకా మూసేశారు" అంటాడు. ఏ ఊరని అడుగుతాడు, మీ మ్యాప్ మీద పెన్నుతో మూడు గుళ్లు గుండ్రంగా గీస్తాడు. సరిగ్గా అప్పుడే ఒక టుక్‌టుక్ (అక్కడి ఆటో) వస్తుంది, ఊరంతా తిప్పి 40 బాట్లంటాడు డ్రైవర్. ఆ డబ్బుకు పెట్రోలైనా రాదు కదా అని అడగాల్సింది అక్కడే. మిగతాది నగల దుకాణం, దర్జీ దుకాణం ఇస్తాయి, మిమ్మల్ని గుమ్మం దాటించినందుకు. ఈ రోజుతో పన్ను మినహాయింపు ఆఖరు, మీ దేశంలో రెట్టింపుకు అమ్ముకోవచ్చు అని రాళ్లు అంటగడతారు. ప్యాలెస్ మామూలుగా ఉదయం 8:30 నుంచి 3:30 వరకు తెరిచే ఉంటుంది, టికెట్ 500 బాట్లు, మూసి ఉన్నదీ లేనిదీ టికెట్ కిటికీ దగ్గరే తెలుసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. పల్చటి చున్నీ కప్పుకుంటే చాలదంటారు, చేతులున్న చొక్కాయే వేసుకెళ్లండి. ఇంకో సంగతి, భిక్షువులకు ఆడవాళ్లు తగలకూడదు, ఏదైనా నేరుగా చేతికివ్వకూడదు. పడవలో వాళ్లకు కేటాయించిన చోట నిలబడొద్దు.

ఈ మోసం మర్యాద మీద నడుస్తుంది. మన అమ్మాయిలకు పెద్దవాళ్లు మాట్లాడిస్తుంటే ముఖం తిప్పుకోవడం నేర్పలేదు. అక్కడ నవ్వుతూ "మై అవ్ ఖా" అని, అంటే వద్దండీ అని, నడక ఆపకుండా వెళ్లిపోతే ఎవరూ తప్పు పట్టరు.

మసాజ్ అనగానే భయపడక్కర్లేదు. గాజు తలుపు, బయట ధరల బోర్డు, లోపల పాదాల మసాజ్ చేయించుకుంటున్న ఆడవాళ్లు కనిపిస్తే మామూలు దుకాణం. కుర్చీలేసుకుని బయట కూర్చుని మగవాళ్లను మాత్రమే పిలుస్తుంటే మీకు సంబంధం లేనిది. బార్‌లో గ్లాసు వదిలి లేవొద్దు అన్నది ఏ ఊరికైనా వర్తిస్తుంది. ఆకు బొమ్మ ఉన్న బిస్కెట్లు, కేకులు, పానీయాలు మాత్రం చదవకుండా నోట్లో పెట్టుకోవద్దు, గంజాయి కలిపినవి ఉంటాయి, తిన్న గంటకు గానీ తెలియదు.

ఏదైనా జరిగితే టూరిస్ట్ పోలీస్ 1155, ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. అంబులెన్స్ 1669. లైంగిక దాడి అయితే స్నానం చేయకుండా, బట్టలు ఉతక్కుండా ముందు పెద్ద ఆసుపత్రికి, తర్వాత పోలీసులకు. సామాజిక సహాయ కేంద్రం నంబరు 1300. పాస్‌పోర్ట్ పోతే పోలీసు రిపోర్టు తీసుకుని భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. రిపోర్టు నకలు బీమాకూ అవసరమే. మత్తు, నిద్ర మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ చీటీ లేకుండా వెళ్లొద్దు. సూడోఎఫిడ్రిన్ ఉన్న జలుబు మాత్ర కూడా అక్కడ నియంత్రిత మందే.

భద్రత జాబితాల్లో కనిపించని రెండు హెచ్చరికలు మన రాష్ట్రాలవాళ్లకు ముఖ్యం. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, టూరిస్ట్‌గా వచ్చేయండి అని టెలిగ్రామ్‌లో పిలిచి, విమానాశ్రయం నుంచి కారులో మే సోట్ వైపు తీసుకెళ్తారు. అది మయన్మార్ సరిహద్దు, దాటితే సైబర్ మోసాల శిబిరాలు. 2025 మార్చిలో అక్కడి నుంచి 549 మంది భారతీయుల్ని వాయుసేన విమానాల్లో తెచ్చారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఉద్యోగం పేరుతో టికెట్ వచ్చిందంటే అది విహారయాత్ర కాదు. రెండోది తిరుగు ప్రయాణంలో వస్తుంది. బ్యాంకాక్ నుంచి వచ్చే సామాన్లలో హైడ్రోపోనిక్ గంజాయి (మట్టి లేకుండా నీళ్లలో పెంచేది) శంషాబాద్‌లో పదేపదే పట్టుబడుతోంది. హాస్టల్‌లో పరిచయమైన మనిషి చాక్లెట్ల ప్యాకెట్టో, చెల్లెలికి బట్టలో ఇచ్చి హైదరాబాద్‌లో ఒకరు వచ్చి తీసుకుంటారంటే, ఎంత మంచిగా ఉన్నా పెట్టెలో పెట్టుకోవద్దు. మత్తుమందులపై ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద ముందు అరెస్టయ్యేది ఆ పెట్టె తెచ్చినవాళ్లే, అది నాది కాదు అన్నది కోర్టులో నిరూపించుకోవాల్సిందీ వాళ్లే.